మనవరాలు జావా పిల్ల అయిపోతోందా?

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం ఇండోనేషియాలో, జావా దీవిలోని సెమరాంగ్‌లో ఉంటోంది. ఎనిమిదేళ్ల మనవరాలు అక్కడి బడిలోనే చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు చూశాను, పెద్దవాళ్లు కనబడితే చాలు, చెయ్యి అందుకొని నుదుటికి ఆనించుకుంటోంది. మా ముందు నుంచి వెళ్లాలంటే నడుం వంచి, కుడిచెయ్యి కిందికి చాచి నడుస్తోంది. ముద్దుగానే ఉంది కానీ, మన పద్ధతులు మరచిపోతుందేమోనని దిగులు. మీరు ఆ ఊళ్లోనే పుట్టి పెరిగారట కదా, ఏమంటారు? రంజాన్ పండుగకు నన్ను రమ్మంటున్నారు. వెళ్లవచ్చా?
– ఒక నాయనమ్మ, తెనాలి

జవాబు: అమ్మా, నమస్కారం. పెళ్లయి విశాఖపట్నం వచ్చాక మా ఊరి పేరు ఇలా ఉత్తరంలో చదవడం ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

మీ మనవరాలి మర్యాదకు మతంతో పని లేదు. ముస్లింల పిల్లలు, క్రైస్తవుల పిల్లలు, చైనా మూలాలున్న పిల్లలు, అందరూ బడి గుమ్మంలో టీచరు చెయ్యి అలాగే నుదుటికి ఆనించుకుంటారు. మీ కాళ్లకు దండం పెట్టమంటే అదీ పెడుతుంది, చూడండి. ఒకటి నేర్చుకుంటే ఇంకొకటి పోవాలన్న నియమం మా దేశంలో పెరిగే పిల్లలకు తెలియదు.

మా ఇంటి సంగతే చెబుతాను. నాన్నది జావాలోని కుదుస్. అమ్మ పశ్చిమ సుమత్రాలోని బుకిట్టింగి నుంచి వచ్చిన మినాంగ్‌కబావు తెగ ఆడపడుచు. ఇద్దరూ ముస్లింలే, అయినా రెండిళ్ల ఆచారాలకూ పొంతన లేదు. మినాంగ్‌వాళ్లలో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది; తాతల నాటి ఇల్లూ పొలమూ ఆడపిల్లలకే చెందుతాయి. అమ్మమ్మ ఇంట్లో మా పెద్దమ్మ మాటే మాట, నాన్న అక్కడ గౌరవంగా కూర్చునే అతిథి. కుదుస్‌లో నానమ్మ ఆవు మాంసం వండేది కాదు. 'సోతో' పులుసులో దున్న మాంసమే వేసేది. పదహారో శతాబ్దంలో అక్కడ ఇస్లాం బోధించిన సునన్ కుదుస్, హిందువుల మనసు నొప్పించకూడదని ఆవును కోయవద్దన్నారట. 1549 నాటి ఆయన మసీదు పక్కన ఉన్న ఎర్ర ఇటుకల బురుజును చూస్తే మీరు గుడి అనుకొని చేతులు జోడిస్తారు. నానమ్మ కూరల్లో బెల్లం తగిలేది. అమ్మమ్మ కూరల్లో గుంటూరువాళ్లు సైతం మంచినీళ్లు అడిగేంత మిరప. ఏ ఇంట్లో ఎలా ఉండాలో మాకు ఎవరూ పాఠం చెప్పలేదు, గడప దాటగానే మారిపోయేవాళ్లం.

బడిలో సోమవారం పొద్దున జెండా వందనానికి అందరం ఒకే వరుసలో నిలబడేవాళ్లం. మతం పీరియడులో మాత్రం ఎవరి టీచరు దగ్గరికి వాళ్లు వెళ్లేవాళ్లు. మీ మనవరాలికి హిందూ మతం చెప్పేది బహుశా హిందువులు ఎక్కువగా ఉండే బాలి దీవి టీచరే అయి ఉంటారు. అలాగైతే 210 రోజులకోసారి సరస్వతి పూజ చేస్తుంది, పుస్తకాలకు నైవేద్యం పెట్టి ఆ రోజు చదవకుండా ఉంటుంది. బాలివాళ్ల కొత్త సంవత్సరం న్యెపి, చాలా ఏళ్లలో మన ఉగాదికి ఒకటి రెండు రోజుల తేడాతో వస్తుంది. ఆ రోజు బాలిలో దీపం వెలిగించరు, వీధిలోకి రారు, విమానాశ్రయం కూడా 24 గంటలు మూసేస్తారు. ఉగాది నాడు ఫోను చేసి, న్యెపి గురించి మనవరాలినే చెప్పమనండి.

అంతా సవ్యంగా ఉండేదని మాత్రం అనను. మా పక్కింటివాళ్లు చైనా మూలాలున్నవాళ్లు. వాళ్ల కొత్త సంవత్సరం బహిరంగంగా జరుపుకోకూడదని 1967లో అధ్యక్షుడి ఆదేశం వచ్చింది. నా చిన్నతనమంతా వాళ్లు తలుపులు వేసుకొనే పండుగ చేసుకున్నారు. మా పండుగ పిండివంటలు వాళ్లింటికి వెళ్లేవి, వాళ్లవి మా ఇంటికి చీకటి పడ్డాక వచ్చేవి. 2000లో అప్పటి అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఆ ఆదేశాన్ని రద్దు చేశారు. 2003 నుంచి ఆ పండుగ జాతీయ సెలవు దినం. ఆ ఇంటి పిల్లలతో కలిసి ఆడుకున్నదాన్ని కనుక, ఆ మూసిన తలుపుల మీద నాకు ఇప్పటికీ కోపమే.

మీ దిగులులో నిజమైన భాగం ఒకటుంది, భాష. అమ్మా నాన్నా భాషలు వేరు కావడంతో మా ఇంట్లో ఇండోనేషియా భాషే మాట్లాడేవారు. అమ్మమ్మ దగ్గర కథలు వినాల్సిన వయసులో నాకు మినాంగ్ రాదు. ఆవిడ చివరి రోజుల్లో మా మధ్య పెద్దమ్మ మాటలు అటూ ఇటూ మోసేది. ఆ బాధ మీ ఇంటికి రాకూడదు. పద్ధతుల గురించి బెంగపడవద్దు, తెలుగు విషయంలో పట్టుబట్టండి. మీ అబ్బాయి ఇంట్లో తెలుగే మాట్లాడాలి. మీరు రోజూ ఫోనులో ఒక కథ చెప్పండి, ఆ పిల్ల తిరిగి తెలుగులోనే చెప్పాలి.

ఇక పండుగకు తప్పక వెళ్లండి. పిల్లలు పెద్దల ముందు మోకరిల్లి, ఏడాదిలో చేసిన తప్పులకు క్షమాపణ అడుగుతారు. పక్కిళ్లవాళ్లు మీ దగ్గరకూ వస్తారు, తల మీద చెయ్యి పెట్టి దీవించండి. పండుగ ముందు వారంలో మాత్రం ప్రయాణం పెట్టుకోకండి, దేశమంతా సొంత ఊళ్లకు కదులుతుంది, రైలు టిక్కెట్లు దొరకవు. పది రోజులు ముందే చేరుకోండి. మాంసం తినరని ఇరుగుపొరుగుకు ముందే చెప్పించండి. కూరగాయల వంటల్లో కూడా రొయ్యల ముద్ద కలుపుతారు.