గీత గీసే ముందు పాత ఏటిని వెతుకు

బిడ్డా,

కృష్ణా డెల్టాలో భూగర్భజలాల మ్యాప్ పని నీకు వచ్చిందని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది, కొంచెం టెన్షన్ కూడా, ఎందుకంటే ఇక్కడ హైదరాబాద్‌లో నువ్వు ఇన్నాళ్లూ చూసింది గ్రానైట్. పగులు తగిలితే నీళ్లు, పది అడుగులు పక్కకు జరిగితే రాతి పొడి. అక్కడ అట్లా కాదు. నీళ్లు ఎక్కడ తవ్వినా తగులుతాయి, అవి ఏ ఇసుకలోంచి ఎటు పోతున్నాయన్నదే నీ పని.

అందుకని ముందు నీళ్ల సంగతి పక్కన పెట్టి నదిని వెతుకు. కృష్ణమ్మ ఎప్పుడూ ఇప్పుడున్న దారిలోనే పారలేదు. వేల ఏళ్లుగా పాయలు మారుస్తూ, ఉరవడిగా పారిన చోట ముతక ఇసుక, వరద పొంగి నిలిచిన చోట బంకమట్టి వదిలి పోయింది. ఆ పాత పాయలు ఇప్పుడు పొలాల కింద ఉన్నాయి, నీళ్లకు అవే దారులు. శాటిలైట్ బొమ్మలో చూడు, చుట్టూ పల్లంలో వరి, మధ్యలో కాస్త మెరక మీద ఊళ్లూ తోటలూ వంపు తిరిగిన వరుసలో కనిపిస్తే అక్కడ ఆగు, అది పాత పాయ జాడ కావచ్చు. తర్వాత ఊళ్లోకి వెళ్లి ఫిల్టర్ పాయింట్ (ఇసుకలోకి దింపే తక్కువ లోతు గొట్టపు బావి) ఎవరిది తియ్యగా ఉంది, ఎవరిది ఉప్పగా మారిందని అడుగు. రైతులు గట్టుగట్టుకూ తేడా చెప్తారు.

బోరు వేసేటప్పుడు దగ్గరే నిలబడు. బురద నీళ్లతో పైకొచ్చే శాంపిల్‌లో సన్నటి బంకమట్టి పొర కరిగి కొట్టుకుపోతుంది, చేతికి ఇసుకే మిగులుతుంది, లాగ్‌లో, అంటే ఏ లోతులో ఏ మట్టి తగిలిందో రాసే పట్టీలో, "అంతా ఇసుక" అని రాసేస్తారు. అరచేతిలో చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలుపు. గరగరమంటే ఇసుక, జిగటగా సాగితే బంక. ఆ మీటరు మందం బంకే పైనీళ్లనూ కిందినీళ్లనూ విడదీస్తుంది, కాబట్టి ఎలక్ట్రికల్ లాగ్ (బోరులోకి పరికరం దింపి పొరపొరకూ కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలిచేది) తీయించకుండా బోరు మూయనివ్వకు.

నేను చేసిన తప్పొకటి చెప్తా. ఒక చోట ఇరవై అడుగుల ఫిల్టర్ పాయింట్లనూ, రెండు వందల అడుగుల బోర్లనూ ఒకే మ్యాప్‌లో వేసి, ఒకే నీటిమట్టం ఉన్న చోట్లను గీతలతో కలిపేశా. మధ్యలో నీటిమట్టం పెద్ద గుంటలా కనిపించింది. నీళ్లు తోడేయడం వల్లే అనుకుని అక్కడ ఇంకుడు చెరువు తవ్వమని రాశా. తవ్వారు. అడుగున బంకమట్టి, చేరిన వాన నీళ్లు ఎండకు ఆవిరయ్యేదాకా అట్లాగే నిలబడ్డాయి. ఆ ఊరివాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఏ లోతు పొరకు ఆ మ్యాప్ వేరుగా వేయి.

ఇంకోటి, ఎత్తులు. డెల్టాలో నీటిమట్టం వాలు చాలా తక్కువ. రెండు వేల మీటర్లకు ఒక మీటరు అనుకుంటే కిలోమీటరుకు అర మీటరే. బావి ఒర ఎత్తు అడుగు తప్పితే, నీళ్లు పారే దిక్కు చూపే నీ బాణం గుర్తు దారి తప్పుతుంది, ఫోన్ జీపీఎస్ చెప్పే ఎత్తు మీటర్లలో తప్పుతుంది కాబట్టి దాన్ని నమ్మకు. లెవెల్ పెట్టి ప్రతి బావి ఒరకూ సముద్రమట్టం నుంచి ఎత్తు తెప్పించు. స్టీల్ టేపుకు సుద్ద రాసి దింపు, తడిసి రంగు మారిన గీత దగ్గర చదువు, రెండుసార్లు. అన్ని బావులూ ఒకటి రెండు రోజుల్లో పూర్తి కావాలి, కాలువలు వదిలాక ఒకసారి, కట్టేశాక ఒకసారి. సముద్రం దగ్గర బావుల్లో ఆటుపోట్లకు మట్టం కదులుతుంది, అక్కడ కొలిచిన టైమ్ కూడా రాయి.

ఉప్పు విషయంలో మరీ జాగ్రత్త. ఉప్పునీటి ఇసుకా, బంకమట్టీ రెసిస్టివిటీలో (కరెంటును అడ్డుకునే గుణంలో) దాదాపు ఒకేలా కనిపిస్తాయి, పక్క బోరు నీళ్లను ఈసీ మీటర్‌తో (నీళ్లలో ఉప్పు ఎంతో తెలిపే పరికరంతో) చూడకుండా పేరు పెట్టకు. పైగా ఉప్పునీళ్లు బరువు. సముద్రపు నీళ్లు నలభై మీటర్లు నిలిచాయంటే మంచినీళ్లు నలభై ఒక్క మీటర్లతో సమానం. అంటే ఆ బోరులో మట్టం మీటరు తక్కువ చూపిస్తుంది, రెండు కిలోమీటర్ల వాలుకు ఆ తేడా సమానం! సరిచేశాకే గీత గీయి.

చివరగా వేగం. 1856లో డార్సీ ఇసుక గొట్టాల్లో నీళ్లు పంపి చెప్పిన సూత్రమే ఇప్పటికీ ఆధారం. ఇసుక ప్రవాహ గుణకం (నీళ్లను ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే కొలత) రోజుకు 20 మీటర్లు, వాలు రెండు వేలకు ఒకటి, ఇసుక రేణువుల మధ్య ఖాళీలు పావు వంతు అనుకో. గుణకాన్ని వాలుతో గుణించి ఖాళీల వంతుతో భాగిస్తే నీళ్ల వేగం వస్తుంది. రోజుకు 4 సెంటీమీటర్లు, ఏడాదికి పదిహేను మీటర్ల లోపే. ఈ లెక్క ఊళ్లో చెప్పు, ఉప్పు ఎక్కిన బావి మరుసటి ఏడాదికి ఎందుకు బాగుపడదో వాళ్లకు అర్థమవుతుంది.

మొదటి పది బోర్ల లాగ్‌లు చేతిరాతతోనే పట్టుకుని ఉప్పల్ రా. బల్ల మీద పరుచుకుని ఏ ఇసుక దేంతో కలుస్తుందో ఇద్దరం కూర్చుని చూద్దాం, కంప్యూటర్ తర్వాత తెరుద్దాం.

మీ పెద్దమ్మ