ఒకే ఇంట్లో ఉంటూ ‘అన్నారట’ ఏమిటి?

ప్రశ్న: నా వయసు 36. మాది విజయవాడ, పటమట. గుంటూరులో ఒక కంపెనీ గోడౌన్‌లో సూపర్‌వైజర్‌ని, జీతం 28 వేలు, చేరి నాలుగున్నరేళ్లయింది. రోజూ బస్సులో పోయి రావడంతోనే సగం ప్రాణం పోతోంది. నాన్న ఆటోనగర్‌లో లారీలకు పేర్లు, నంబర్లు రాసే పెయింటర్, ఇప్పుడు పని లేక ఇంట్లోనే ఉంటున్నారు. నేను రెండేళ్లుగా రాత్రిళ్లు కూర్చుని, కంప్యూటర్లో డిజైన్లు గీసే కోరెల్ డ్రా నేర్చుకున్నాను. ఉద్యోగం మానేసి సైన్ బోర్డుల షాపు పెట్టాలని ఉంది. సింగ్‌నగర్‌లో తక్కువ అద్దెకు షెడ్డు కూడా చూశాను. లేజర్ కటింగ్ మిషన్‌కీ అడ్వాన్సుకీ కలిపి 7 లక్షలు కావాలి. ఇల్లు నాన్న పేరు మీద ఉంది, దాన్ని తాకట్టు పెట్టి లోన్ తీసుకుందామని అమ్మ చేత అడిగించాను. ‘బోర్డులు రాసుకుని బతికే రోజులు పోయాయని వాడికి చెప్పు’ అన్నారట. షాపుకి, పని చేసే రోజుల్లో నాన్నకున్న పాత పేరే పెడదామనుకున్నాను, దానికీ ముఖం తిప్పుకున్నారట. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. పిల్లల ఫీజులు ఎలా అని అడుగుతోంది. తనని ఎలా ఒప్పించాలి? రాజీనామా ఇప్పుడే చేయాలా, ఆగాలా?

సమాధానం: మీ ఆవిడను ఒప్పించేదేమీ లేదు. ఫీజులు ఎలా అని అడిగింది, అంతే కదా? పిల్లల తల్లి ఆ మాట అడక్కపోతే నేను ఆశ్చర్యపోయేదాన్ని. ఆరు నెలల ఇంటి ఖర్చు, ఫీజులతో సహా లెక్కేసి, ఆమె పేరున బ్యాంకులో వేసి పాస్‌బుక్ చేతిలో పెట్టండి. ఆ ప్రశ్న మళ్లీ రాదు. అంత డబ్బు ఇంకా కూడలేదంటారా, అయితే రాజీనామా సంగతి కూడా తేలిపోయినట్టే, ఆగాలి. పైగా ఇంకో ఆరు నెలలు ఓపిక పడితే ఐదేళ్ల సర్వీసు నిండి గ్రాట్యుటీ వస్తుంది. ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలకు 26 రోజుల లెక్కన కడతారు. బేసిక్ 14 వేలే అనుకున్నా ఐదేళ్లకు 40 వేల పైచిలుకు. చేతికొచ్చే డబ్బును గుంటూరు బస్టాండులో వదిలేసి వస్తానంటే నేనేం చెప్పను?

మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు అయిపోయింది. అడగని దాని గురించి మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం పూర్తిగా నాలుగు పేజీలు, నేను పైన ఇచ్చింది అందులో పదో వంతు. మీ ఆవిడ గురించి రాసింది మూడు లైన్లు. మిషన్ గురించి అర పేజీ. మిగతాదంతా నాన్నగారే. అందులో ఒక్కచోట కూడా ‘నాన్న అన్నారు’ అని లేదు. అన్నారట, వద్దన్నారట, నవ్వారట, ముఖం తిప్పుకున్నారట. నేను ఆ ‘ట’ దగ్గరే ఆగిపోయాను. ఆయన ముందు గదిలో, మీరు వెనక గదిలో, మధ్యలో అమ్మ. ఒకే గిన్నెలో అన్నం వడ్డించుకుంటూ, కన్నతండ్రి మాట పక్క ఊరి కబురులా తెలుసుకుంటున్నారే, ఇది మీకు వింతగా అనిపించడం లేదా?

మా బంధువుల్లో ఒకతను ఇలాగే. తండ్రితో ఏం కావాలన్నా తల్లి చేతే అడిగించేవాడు, పొలం కౌలు దగ్గర్నుంచి పెళ్లి ముహూర్తం దాకా. ఆవిడ పోయింది. పెద్దకర్మ నాడు భోజనాలకు ఎంతమందిని పిలవాలో తండ్రిని అడగడానికి పురోహితుణ్ణి పంపించాడు, నా కళ్ల ముందే. అప్పటి నుంచీ ఇలాంటి ఉత్తరం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, కాస్త గట్టిగా రాస్తే ఏమనుకోకండి.

మీరు నాన్నగారి మాటను శాపంలా తీసుకున్నారు. ‘నీ వల్ల కాదు’ అని వినిపించింది మీకు. ఆయన అలా అనలేదు కదా, రోజులు పోయాయి అన్నారు. ఆయన కళ్లతో చూస్తే అది అబద్ధమా? ఎన్నికలొస్తే గోడ రాతలకు నిద్ర కూడా లేని రోజులు చూసిన మనిషి. లారీ బాడీ కట్టడం పూర్తయ్యాక చివరగా ఆయన కుంచె పడితేనే బండి రోడ్డెక్కేది. తర్వాత రేడియం స్టిక్కర్లు వచ్చి చిన్న పనులు పట్టుకుపోయాయి. ఫ్లెక్సీ వచ్చి గోడలూ గుడ్డ బ్యానర్లూ పట్టుకుపోయింది. మిగిలింది నంబరు ప్లేట్లే. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండి ఏదైనా షోరూములోనే హై సెక్యూరిటీ ప్లేటుతో వస్తోంది, అదీ పోయింది. ఆ ఫ్లెక్సీ వాళ్ల పరిస్థితి మాత్రం ఏమైంది? 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి విశాఖలో ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించగానే, అప్పు చేసి మిషన్లు కొన్నవాళ్ల గుండెలు జారిపోయాయి. ఇదంతా ఒక్క జీవితంలో చూసిన తండ్రి, కొడుకు నెల జీతం వదులుకుని అదే వీధిలోకి వస్తానంటే పూలదండ వేస్తాడా? భయపడతాడు. మన ఇళ్లలో మగవాళ్లు భయాన్ని భయంలా చెప్పరు, కసురుకుంటారు.

ఇక ఇల్లు. ఇక్కడ నేను మెత్తగా చెప్పలేను. పని పోయిన పెద్దమనిషికి తన పేరు మీద మిగిలింది అదొక్కటే. దాన్ని తాకట్టు పెట్టమని అడగడమే తప్పు, అదీ అమ్మ చేత అడిగించడం ఇంకా తప్పు. ఆవిడ కాదంటే కొడుకుకు కోపం, ఔనంటే మొగుడికి కోపం. ఆ ముసలావిడను నలిపేస్తున్నారు మీరిద్దరూ. ముద్ర రుణంలో కిశోర్ అనే రకం కింద 50 వేలకు పైన 5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు, బ్యాంకు చుట్టూ తిరగాలి, తిరగండి. సొంత తెలివి మీద అప్పు పుట్టించుకోలేనివాడు తండ్రి ఇంటి మీద వ్యాపారం చేయకూడదని నా అభిప్రాయం, మీకు నచ్చినా నచ్చకపోయినా.

అసలు మొదటి రోజే లేజర్ మిషన్ ఎందుకు? కటింగ్ జాబ్ వర్క్ చేసిపెట్టేవాళ్లు ఊళ్లో ఉన్నారు, ఫైలు ఇస్తే అక్రిలిక్ అక్షరాలు కోసి ఇస్తారు. మీకు ముందు కావాల్సింది డ్రిల్లు, నిచ్చెన, నమ్మకమైన వెల్డరు, నలుగురు కస్టమర్లు. ఉద్యోగం చేస్తూనే ఆదివారాలు ఒక్కో బోర్డు పెట్టుకుంటూ రండి. సగం డబ్బు అడ్వాన్సు లేకుండా షీటు కోయించకండి, ఎందుకంటే వాళ్ల షాపు పేరు కోసిన అక్షరాలు ఇంకెవరికీ పనికిరావు. ఇంకో మాట, ఆషాఢంలోనూ మూఢంలోనూ మొదలుపెట్టకండి. ముహూర్తాల పట్టింపుతో చెప్పడం లేదు (ఆ పట్టింపు నాకూ కాస్త ఉందనుకోండి), ఆ రోజుల్లో మన ఊళ్లో ఎవరూ కొత్త షాపు తెరవరు, బోర్డులు అడిగేవాళ్లుండరు. శ్రావణంలోనూ దసరాకూ మాత్రం పరుగులే.

కోరెల్ డ్రా నేర్చుకున్నానన్నారు కాబట్టి ఒకటి అడుగుతాను. ఇంగ్లీషు అక్షరం కోస్తే చాలావరకు ఒకే ముక్క వస్తుంది. తెలుగులో ‘ప’ కోసి చూడండి, తలకట్టు విడిగా ఊడి వస్తుంది. ‘స’, ‘హ’ కూడా అంతే. ఒత్తుంటే ఇంకో ముక్క. ఒక్కో ముక్కనీ బోర్డు మీద ఎంత దూరంలో బిగించాలో, ఎండకీ గాలికీ ఏది ముందు ఊడుతుందో, దూరం నుంచి బస్సులో పోయేవాడికి ఏ వంపు చదవడానికి వస్తుందో ఎవరు చెప్తారు మీకు? బజారులో తిరిగితే ఒత్తు రాలిపోయిన బోర్డులు, తలకట్టు లేని పేర్లు ఎన్ని లేవు! అక్షరం ఎంత లావుండాలో, పక్క అక్షరానికి ఎంత చోటు వదలాలో స్కేలు లేకుండా కంటితో కొలిచిన మనిషి మీ ముందు గదిలో టీవీ చూస్తూ కూర్చున్నారు. ఆయన దగ్గరకు మీరు పంపింది ఇంటి కాగితాల కబురు! ఆయన పాత పేరు షాపుకు పెడతానని కూడా ఎదురుగా కూర్చుని అడగలేదు. ముఖం తిప్పుకున్నారట! నేనైనా తిప్పుకుంటాను. ఎందుకు తిప్పుకున్నారో, కళ్లలో ఏముందో మీరు చూడలేదు కదా.

అమ్మను పిలవకండి. లోన్ మాట, ఇంటి మాట ఎత్తకండి. మీరు చేసిన డిజైన్ ఒకటి పెద్దగా ప్రింటు తీసి, నాన్నగారి ముందు పెట్టి, ‘ఇందులో ఏం తప్పుంది నాన్నా’ అని అడగండి. తిడతారు. కూర్చుని పూర్తిగా వినండి. ఎర్ర పెన్సిలు అందుబాటులో ఉంచండి, తిడుతూనే దిద్దుతారు. మొదటి రోజు దిద్దకపోతే ఇంకో ఆదివారం ఇంకోటి పెట్టండి.

తర్వాత షెడ్డు చూడటానికి ఆయన్ని బండి మీద తీసుకెళ్లండి. సింగ్‌నగర్ షెడ్డు అద్దె ఎందుకు తక్కువో మీకూ తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లు అక్కడ ఎంత ఎత్తున నిలబడ్డాయో పక్కింటివాళ్లను అడిగి గోడ మీద సుద్దముక్కతో గీత గీయించండి. ఆ గీతకు పైన చోటు లేకపోతే ఆ షెడ్డు వద్దు.