రెండు వేల స్క్రీన్‌షాట్లు దాచిన మేనకోడలికి మావయ్య ఉత్తరం

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. "మావయ్యా, అన్నీ ఉన్నాయి, కావాల్సినప్పుడు ఒక్కటీ దొరకదు" అన్నావు చూడు, మనసు ఆ మాట దగ్గరే ఉండిపోయింది. మీ నాన్న, అదే మా బావ రిపోర్టులు, ఆనందపురం ప్లాటు బ్రోచర్లు, పిల్లాడి స్కూలు సర్క్యులర్లు, తుఫాను మెసేజీలు, ఎవరో పంపిన కషాయాల వీడియోలు, అన్నీ కలిపి రెండు వేల స్క్రీన్‌షాట్లన్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

షిప్‌యార్డ్ స్టోర్స్‌లో ముప్పై రెండేళ్ళు చేశాను. నీకు నేను చెప్పగలిగిందంతా అక్కడ నేర్చుకున్నదే. ఓడ డాక్‌లో ఉంటుంది, ఫిట్టర్ ఇండెంట్, అంటే సరుకు కావాలనే చీటీ, పట్టుకుని మా కిటికీ దగ్గర నిలబడతాడు, వాడడిగిన గాస్కెట్ చేతికి ఇవ్వకపోతే అక్కడ నలుగురి పని ఆగిపోతుంది. గోడౌన్‌లో ఎక్కడో ఉంది, వెతుకుతున్నాం అంటే కుదరదు. అందుకే ప్రతి సరుకుకీ ఒక బిన్, ప్రతి బిన్‌కీ ఒక కార్డు. ఎప్పుడొచ్చింది, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఎంత ఉంది, ఎవరికిచ్చాం, ఇవన్నీ ఆ కార్డు మీద ఉంటాయి. కార్డు లేని సరుకుని స్టాక్ వెరిఫికేషన్‌లో లెక్కలోకే తీసుకోరు. నీ ఫోన్‌లో ఉన్నవన్నీ కార్డుల్లేని సరుకులే, అమ్మలూ. అందులో నీ తప్పేమీ లేదు, ఫోన్‌లో దాచడం అంత తేలికైపోయింది మరి.

ముందు "ఎవరి దగ్గర్నుంచి వచ్చింది" అన్న గడి చూద్దాం. వాట్సాప్‌లో ఒక మాట నీదాకా వచ్చేసరికి ఎన్ని చేతులు మారిందో తెలీదు, ఏ రోజుదో అంతకంటే తెలీదు. బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే ఏ ఏడాదివో పాత వీడియోలు మళ్ళీ తిరగడం మొదలవుతుంది. అలాంటప్పుడు ఒక్కటే ఆలోచించు, ఈ విషయం మొట్టమొదట ఎవరికి తెలుస్తుంది? తుఫానైతే వాతావరణ శాఖకి. వాళ్ళ తుఫాను హెచ్చరికల కేంద్రం మన విశాఖలోనే ఉంది. వాళ్ళ బులెటిన్ తెరిస్తే ఏ తేదీన ఎన్ని గంటలకి ఇచ్చారో దాని మీదే ఉంటుంది, ఫార్వర్డ్ మెసేజీలో లేనిది సరిగ్గా అదే. రంగులూ తెలుసుకో. ఆకుపచ్చ అంటే హెచ్చరిక ఏమీ లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఇక ఆలస్యం చేయకుండా కదలమని. సముద్రంలో అలలు ఎంత ఎత్తు లేస్తాయో కావాలంటే హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ చెబుతుంది, ఫిషింగ్ హార్బర్ వాళ్ళకి చేపలు దొరికే చోట్ల సూచనలు ఇచ్చేదీ అదే సంస్థ.

ప్లాటు సంగతీ ఇంతే, కాకపోతే ఇక్కడ డబ్బు ఉంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ చెబుతాను. బ్రోచర్ మీద "వీఎంఆర్‌డీఏ అప్రూవ్డ్" అని, అంటే విశాఖ నగరాభివృద్ధి సంస్థ అనుమతి ఉందని, పెద్ద అక్షరాలతో వేస్తారు. అది అమ్మేవాడి మాట. నువ్వు అడగాల్సింది ఎల్.పి. నంబరు (అంటే లేఅవుట్ అనుమతి నంబరు), సర్వే నంబరు, గ్రామం పేరు. ఈ మూడూ చేతిలో పడ్డాకే నీ వెతుకులాట మొదలైనట్టు. ఎల్.పి. నంబరు పట్టుకుని వీఎంఆర్‌డీఏ దగ్గరే సరిచూసుకో. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ అయితే 2016 నాటి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద రిజిస్టర్ అయ్యి ఉండాలి, ఏపీ రెరా సైట్‌లో ఆ ప్రాజెక్టు కనబడాలి. సర్వే నంబరుతో మీభూమి అనే ప్రభుత్వ భూరికార్డుల సైట్‌లో అడంగల్, వన్‌బీ అనే రికార్డులు చూడు, ఆ భూమి ఎవరి పేరున ఉందో, ప్రభుత్వ భూమేమో తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత భూముల జాబితా ఉంటుంది, అందులో ఆ నంబరు ఉందేమో చూడు. ఆ తర్వాత ఈసీ తియ్యి, అంటే ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రం. ఈసీ విషయంలో చాలామంది ఒకటి మర్చిపోతారు, అది నువ్వడిగిన కాలానికి, రిజిస్టర్ అయిన లావాదేవీల వరకే చెబుతుంది. చేతిరాత అగ్రిమెంట్లు అందులో కనబడవు. ఆర్నెల్ల క్రితం వాళ్ళు తీసిచ్చిన ఈసీ చూసి అడ్వాన్స్ ఇవ్వకు, నువ్వు డబ్బు కట్టే వారంలో నువ్వే ఇంకోటి తీసుకో. అన్నీ అయ్యాక కాగితాలు ఒక లాయరుకి చూపించాలి, ఆ ఫీజు దగ్గర మాత్రం వెనకాడకు.

వెతకడం అంటే గూగుల్‌లో మనకి తోచిన ప్రశ్న కొట్టడం కాదు, మనక్కావాల్సిన కాగితం మీద ఏ మాటలు అచ్చై ఉంటాయో ఊహించి ఆ మాటలు కొట్టడం. "ఆనందపురంలో ప్లాటు కొనొచ్చా" అని కొడితే నీకు అమ్మేవాళ్ళే వస్తారు. గ్రామం పేరు, సర్వే నంబరు, "నిషేధిత" అని కొడితే ఆఫీసు కాగితాలు వస్తాయి. ఒక పదబంధం ఉన్నదున్నట్టు కావాలంటే దానికి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టు. ప్రభుత్వ సైట్లలోనే వెతకాలంటే వెతికే మాటల పక్కన ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీ వదలకుండా site:gov.in అని కొట్టు. తెలుగులో దొరక్కపోతే ఇంగ్లీషులో, ఇంగ్లీషులో దొరక్కపోతే తెలుగులో, ఊరి పేరైతే రెండు మూడు స్పెల్లింగులతో వెతుకు. పైన "స్పాన్సర్డ్" అని ఉన్నవాటిని దాటి కిందికి రా, అవి డబ్బు కట్టి అక్కడికెక్కినవి.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు, గ్యాస్ వాళ్ళ నంబరు, కొరియర్ నంబరు గూగుల్‌లో వెతికి ఫోన్ చేయకు. మా వీధిలో ఒక రిటైర్డ్ టీచరు గారు అలా దొరికిన నంబరుకే చేశారు. అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడి ఒక యాప్ వేయించాడు, పావుగంటలో ఆవిడ పెన్షన్ డబ్బులు పోయాయి. ఆవిడ చదువుకున్న మనిషి, జాగ్రత్తపరురాలు. నంబరు తెచ్చుకున్న చోటు తప్పింది, అంతే. బ్యాంకు నంబరు నీ ఏటీఎం కార్డు వెనకాల ఉంటుంది, పాస్‌బుక్ మీద ఉంటుంది. ఎప్పుడైనా డబ్బు పోతే ఎవర్నీ సలహా అడుగుతూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

పిల్లలు చాట్‌జీపీటీ లాంటివాటిని అడుగుతున్నారు, నువ్వూ అడుగుతున్నానన్నావు. అడుగు, తప్పులేదు. ఏ మాటలతో వెతకాలో, ఏ ఆఫీసు పరిధిలోకి వస్తుందో, ఇంగ్లీషు రిపోర్టులో ఫలానా మాటకి అర్థమేంటో చక్కగా చెబుతుంది. కానీ లేని సెక్షన్ నంబరు కూడా అంతే నమ్మకంగా చెప్పగలదు. చట్టం పేరు చెబితే చట్టాలన్నీ ఉండే ప్రభుత్వ ఇండియా కోడ్ సైట్‌లో ఆ చట్టం తెరిచి ఆ సెక్షన్ నీ కళ్ళతో చదువు. మందు డోసు మాత్రం దాన్నడిగి మార్చకు, డాక్టర్నే అడుగు.

నెట్‌లో లేనివీ చాలా ఉంటాయి, అది గుర్తుంచుకో. ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ ఉంది, ఒక ఆదివారం పిల్లాణ్ణి తీసుకెళ్ళు. ఆఫీసు కాగితం కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద రాసి అడగొచ్చు, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్కోసారి కౌంటర్లో కూర్చున్న మనిషిని నిదానంగా అడిగితే రెండు గంటల గూగులింగ్ తప్పుతుంది.

ఇక దాచుకోవడం. ఇది చెప్పాలంటే మీ అత్తయ్య సంగతి చెప్పాలి.

అత్తయ్యకి ఛాతీలో నొప్పొచ్చిన రాత్రి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డ్యూటీ డాక్టరు "పాత ఈసీజీ ఉందా, దీంతో పోల్చి చూడాలి" అన్నాడు. ఉంది. ఏడాది క్రితం తీయించాం, ఫోన్‌లో ఫొటో కూడా తీసుకున్నాను. నేను ఆ వరండాలో నిలబడి ఫొటోలు పైకీ కిందికీ జరుపుతూనే ఉన్నాను, పెళ్ళి ఫొటోలు, కరెంటు బిల్లులు, గుడ్ మార్నింగ్ పువ్వులు, ఆ ఒక్క కాగితం కనబడలేదు. వేళ్ళు వణికాయి. ఏ మందు పడదని అంతకుముందు డాక్టరు రాసిచ్చాడో ఆ పేరూ నోటికి రాలేదు. దేవుడి దయ వల్ల ఆ రాత్రి గడిచింది, అత్తయ్య బాగానే ఉంది. కానీ ముప్పై రెండేళ్ళు ఊరందరి సరుకుకీ కార్డులు రాసినవాణ్ణి, నా ఇంటి మనిషికి ఒక కార్డు రాసి పెట్టలేకపోయానని ఇవాళ్టికీ బాధే.

ఆ మర్నాడే మొదలుపెట్టాను. ఒకే ఒక్క పేజీ. పైన పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, పడని మందులు, ఎర్ర ఇంకుతో. కింద గడులు, తేదీ, పరీక్ష పేరు, ఎంత వచ్చింది, డాక్టరు ఏ మందు మార్చాడు. బావకి షుగర్ కాబట్టి నువ్వు హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), బీపీ రాస్తే సరిపోతుంది. ఫాస్టింగ్ షుగర్ ఆ పూట సంగతి చెబుతుంది, హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది, అందుకే వరసగా నాలుగైదు ఒకదాని కింద ఒకటి రాసుంటే డాక్టరు ఒక్క చూపులో పట్టేస్తాడు. నలభై కాగితాల కట్ట ఇస్తే పైనున్న ఒక్కటి చూసి వదిలేస్తాడు, పాపం ఆయనకున్న టైము అంతే.

రిపోర్టులు ఫొటో తీసినా పీడీఎఫ్ చేసినా వెంటనే పేరు పెట్టు. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, ఆ తర్వాత మనిషి, ఆ తర్వాత సంగతి. "2025-03-14 నాన్న క్రియాటినిన్" అని. ఏడాది ముందుంటే ఫోనే తేదీల వరసలో పేర్చి పెడుతుంది. పేరులో, రేపు నువ్వు కంగారులో ఏ మాట కొట్టి వెతుకుతావో ఆ మాట ఉండాలి. మా స్టోర్స్‌లో ఒకే సరుకుని కేటలాగ్ ఒక పేరుతో పిలిస్తే ఫిట్టర్లు ఇంకో పేరుతో అడిగేవారు, కార్డు మీద రెండూ రాసేవాళ్ళం. నువ్వూ అలాగే "కిడ్నీ" అని కూడా చేర్చు, మీ అమ్మ, అదే మా అక్క, వెతికితే ఆ మాటతోనే వెతుకుతుంది.

ఏదైనా వ్యాసం నచ్చితే స్క్రీన్‌షాట్ బదులు లింకు దాచి, ఎందుకు దాచావో ఒక్క వాక్యం రాయి. "పిల్లాడి దగ్గుకి, డాక్టర్ని అడగాలి" అంటే చాలు. ఆ వాక్యం రాయబుద్ధి కాలేదంటే అది నీకు అక్కర్లేదు, వదిలెయ్. లింకులు చచ్చిపోతుంటాయి కాబట్టి ముఖ్యమైనదాన్ని పీడీఎఫ్ కూడా చెయ్యి. పోయిన పేజీలు ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో ఒక్కోసారి దొరుకుతాయి, వాళ్ళు 1996 నుంచి పేజీలు భద్రపరుస్తున్నారు.

ఆధార్, లైసెన్సు, బండి ఆర్‌సీ, పదో తరగతి మార్కులు డిజీలాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో తెచ్చుకో. అందులో "ఇష్యూడ్" కింద వచ్చినవి ఆయా శాఖలే ఇచ్చినవి, ఒరిజినల్‌తో సమానం. నువ్వు ఫొటో తీసి ఎక్కించినవి వేరే, వాటికి ఆ విలువ లేదు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని కౌంటర్ దగ్గర ఇబ్బంది పడుతున్నారు.

అన్నీ ఫోన్‌లోనే పెట్టి ఊరుకోకు. 2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీదే తీరం దాటింది, నువ్వు అప్పుడు విజయనగరంలో చదువుకుంటున్నావు. చెట్లన్నీ పడిపోయి, కరెంటు లేక, టవర్లు లేక ఊరంతా రోజుల తరబడి మూగబోయింది. మేం బతికే ఉన్నామని అక్కకి చెప్పాలి. ఎవరిదో ఒక ఫోన్‌కి కాస్త సిగ్నల్ వచ్చింది, ఇచ్చాడు మహానుభావుడు, తీరా చూస్తే అక్క నంబరు నాకు నోటికి రాదు, అది చచ్చిపోయిన నా ఫోన్‌లో ఉంది. అమ్మ వంటింట్లో పప్పుడబ్బాల పక్కన పెట్టుకున్న నోటుబుక్కులో దొరికింది, పెన్సిల్‌తో వంకరగా రాసుకున్న నంబరు. అప్పట్నుంచీ మా ఇంట్లో తలుపు వెనకాల పది నంబర్లు కాగితం మీద అంటించి ఉంటాయి. ముఖ్యమైన ఫైళ్ళు ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి ఉంచు, ఆ పెన్‌డ్రైవ్ మా ఇంట్లో పెట్టు. మీదొకటి మా ఇంట్లో, మాదొకటి మీ ఇంట్లో.

ఇక ఆ రెండు వేల స్క్రీన్‌షాట్లు సర్దుతానని కూర్చోకు, వారం తిరక్కుండా విసుగొచ్చి మానేస్తావు. వాటినలా ఒక ఫోల్డర్‌లోకి తోసి, ఇవాళ్టి నుంచి వచ్చేవాటికి మాత్రం పేరు పెట్టు. పాతవాటిలో ఏదైనా అవసరపడితే ఆ రోజు తీసి దానికి పేరు పెట్టి బయటికి తెచ్చుకో. ఏడాదిపాటు కదలని సరుకుని మేం వేరే రాసి స్క్రాప్‌కి పంపేవాళ్ళం, నువ్వూ వచ్చే సంవత్సరం ఆ ఫోల్డర్ తీసెయ్యొచ్చు. గుండె ఝల్లుమంటుంది, కానీ తీసేశాక ఊపిరాడుతుంది. బావ రిపోర్టులు మాత్రం తీసెయ్యకు, ఎంత పాతవైనా.

ఆదివారం గాజువాక రా. బీరువాలో ఉన్న బావ పాత ఫైలు, ఈసీజీలతో సహా, తీసి ఇమ్మని అక్కకి ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఎర్ర పెన్ను, గళ్ళ కాగితం నా దగ్గరున్నాయి. పొద్దున్నే వస్తే అత్తయ్య పెసరట్లు వేసేలోపు మొదటి పేజీ రాసేద్దాం.

మీ మావయ్య