తేడా చూపించినవి నిద్ర, పాత ప్రోగ్రెస్ కార్డులు

ఇరవై ఏళ్ళ మీ అబ్బాయికి ఒక వైద్యుడు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) అనీ, ఇంకొకరు బైపోలార్ (విపరీతమైన ఉత్సాహం, దిగులు విడతలుగా వచ్చే జబ్బు) అనీ చెప్పారని, ఎవరి మాట పట్టుకోవాలో తెలియడం లేదని రాశారు. నాలుగేళ్ళ క్రితం గుంటూరులో మేమూ ఇదే అయోమయంలో ఉన్నాం. నిర్ధారించవలసింది సైకియాట్రిస్టే అయినా, ఆయనకు ఏమేమి చెప్పాలో తెలియక మేము ఒక ఏడాది పోగొట్టుకున్నాం కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆగకుండా మాట్లాడటం, చేస్తున్న పని వదిలి మరో పనిలో పడటం, ముందూ వెనుకా చూడకుండా డబ్బు ఖర్చు చేయడం రెండింటిలోనూ ఉంటాయి. తేడా తెలిసేది కాలాన్ని బట్టి. ఏడీహెచ్‌డీ చిన్నప్పటి నుంచి వెంట ఉండేది. కొన్ని లక్షణాలైనా 12 ఏళ్ళ లోపే కనిపించి ఉండాలి. బైపోలార్ విడతలుగా వస్తుంది, తరచుగా ఈ వయసులోనే బయటపడుతుంది. ఏడీహెచ్‌డీలో కోపమైనా ఉత్సాహమైనా ఏదో కారణంతో వచ్చి కొన్ని గంటల్లో చల్లారుతుంది. బైపోలార్‌లో ఉత్సాహం హద్దు మీరే దశను మానియా అంటారు, దాని తేలికపాటి రూపం హైపోమానియా. మానియా అనడానికి ఆ ఉద్ధృతి సాధారణంగా 7 రోజులు, హైపోమానియా అయితే 4 రోజులు, దాదాపు రోజంతా నిలిచి ఉండాలి.

మన ప్రాంతంలో ఒక చిక్కు ఉంది. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివిన పిల్లలను తెల్లవారకముందే లేపేదీ, స్టడీ అవర్లో కూర్చోబెట్టేదీ వేరొకరు. ఆ కట్టడిలో కనబడకుండా ఉండిపోయిన ఏడీహెచ్‌డీ బీటెక్‌లో చేరాక బయటపడితే, కొత్తగా వచ్చిందని మనం పొరబడతాం. అందుకే ఐదో తరగతి లోపు సంగతులు గుర్తుచేసుకోండి. నేను బీరువాలోంచి మా వాడి పాత ప్రోగ్రెస్ కార్డులన్నీ తీసి చూశాను. పరధ్యానమని ఒక్క టీచరూ రాయలేదు.

అన్నిటికన్నా నిద్రను గమనించండి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడు అర్ధరాత్రి దాటాక పడుకుంటే మర్నాడు తూలుతాడు. మా వాడు బీటెక్ రెండో ఏట తొమ్మిది రోజులపాటు రాత్రికి రెండు గంటలే పడుకుని, అలసటన్నది లేకుండా, తెల్లవారుజామున మూడింటికే మేడ మీద తిరుగుతూ మూడు వ్యాపారాల లెక్కలు చెప్పేవాడు. అంతకు రెండు నెలల ముందు మంచం దిగలేదు. మొదటి వైద్యుడికి మేము చెప్పింది చదువు మీద ధ్యాస లేదన్న మాట ఒక్కటే. ఆయన ఏకాగ్రతకు మందు రాశారు. మా మామగారి తమ్ముడికి వయసులో గాలి సోకిందని ఇంట్లో చెప్పుకునే సంగతిని పరువుకు జంకి దాచాం. మీరు దాచకండి. బైపోలార్ ఉన్నవారికి మూడ్ స్టెబిలైజర్ (మూడ్‌ను నిలకడగా ఉంచే మందు) లేకుండా ఏకాగ్రతకు ఇచ్చే మందులు మానియాను పెంచవచ్చు. రెండు జబ్బులూ కలిసి ఉన్నా సాధారణంగా ముందు మూడ్‌నే స్థిరపరుస్తారు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించమని అడగండి.

రెండు నెలలు నిద్ర వేళలు, ఉత్సాహం, ఖర్చు నోట్‌బుక్‌లో రాయండి, వీలైతే అబ్బాయి చేతనే రాయించండి. వైద్యుడితో వాడిని ఒంటరిగా మాట్లాడనివ్వండి. చనిపోతానన్న మాట వస్తే మాత్రం నోట్‌బుక్ నిండేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.