బలంతో కాదు, పద్ధతితో

నాయనా,

పక్షవాతంతో మంచాన పడ్డ అమ్మను ఇకమీద నువ్వే చూసుకుంటానన్నావు. రోగుల్ని చూసుకునే ఉద్యోగంలోనూ చేరుతున్నావు. చాలా సంతోషం. అయితే ఈ పనిలో మనం మగవాళ్లం తప్పు చేసేది ఒంట్లో బలం ఉంది కదా అనుకునే చోటే.

అమ్మను మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మార్చేటప్పుడు చంకల కింద చేతులు పెట్టి ఎత్తెయ్యకు. పక్షవాతంతో చచ్చుబడ్డ వైపు భుజానికి కండరాల పట్టు ఉండదు, లాగితే కీలు జారుతుంది. వీల్‌చైర్‌ను చెయ్యీ కాలూ బాగున్న వైపు, మంచానికి కాస్త ఏటవాలుగా పెట్టి బ్రేకులు వెయ్యి. పాదాలు పెట్టుకునే పలకలు పైకి మడిచెయ్యి. అమ్మను మంచం అంచున కూర్చోబెట్టి, కళ్లు తిరగడం లేదని తెలిసేదాకా ఆగు. పాదాలు రెండూ నేలకు ఆనాలి. నడుం వంచకుండా మోకాళ్లు వంచి, మూడు లెక్కపెట్టి ఆమెతో పాటే లే. ఆమె చేతులు నీ మెడకు చుట్టుకోకూడదు, తూలితే ఇద్దరూ పడతారు.

పడక పుండ్ల విషయం ఇంకా ముఖ్యం. రెండు గంటలకోసారి పక్క మార్చు. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు ఒరిగేలా చేస్తే చాలు. పిక్కల కింద ఇంకో దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడు. పైకి జరపాలంటే ఈడ్చకు, చర్మం ఒరుసుకుంటుంది. కింద వేసిన దుప్పటిని చెరోవైపు ఒకరు పట్టుకుని ఎత్తి జరపండి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి చూడు. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు తెలియదు కాబట్టి, చుట్టుపక్కల కన్నా వేడిగానో గట్టిగానో ఉందేమో తడిమి చూడు. అక్కడ మర్దన మాత్రం చెయ్యకు, నర్సుకు చూపించు.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టు, తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకు. చెంచాతో కొంచెం కొంచెంగా పెట్టు, గుటక పడ్డాకే రెండోది. పొలమారినా, తిన్నాక గొంతు తడితడిగా గురగుర పలికినా ఆపేసి డాక్టరుకు చెప్పు.

డైపర్ మార్చడం నీకు మొహమాటమే, ఆమెకు అంతకన్నా ఎక్కువ. తలుపు వెయ్యి, తుడిచే చోటు తప్ప మిగతా ఒళ్లు దుప్పటితో కప్పి ఉంచు, చెయ్యి వేసేముందు చెప్పు. ఆడవాళ్లకు ముందు నుంచి వెనక్కే తుడవాలి, లేకపోతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావచ్చు.

డ్యూటీలోనూ ఇదే పద్ధతి. ఆడ పేషెంటు నీ చేత వద్దంటే చిన్నబుచ్చుకోకు, కారణం అడగకు. తోటి నర్సమ్మను పిలిచి, ఆమె వచ్చేలోపు వేడినీళ్లు, తువ్వాలు సిద్ధంగా పెట్టు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న