పట్టు తెలిసిన అమ్మాయికి వదలడం నేర్పాలి

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. కబడ్డీలో జిల్లా పోటీల దాకా వెళ్లింది, పరుగులోనూ ముందుంటుంది. బీహార్‌కు చెందిన రగ్బీ క్రీడాకారిణి స్వీటీ కుమారి గురించి తెలిసినప్పటి నుంచి తానూ రగ్బీ ఆడతానని పట్టుబడుతోంది. అది ఎముకలు విరిగే ఆటని మా అత్తగారు ససేమిరా అంటున్నారు. ఆ ఆటలో భవిష్యత్తు ఉంటుందా? పంపమంటారా?
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, పంపవచ్చు. అయితే కొన్ని సంగతులు తెలుసుకుని పంపండి. రగ్బీ అంటే బంతిని చేతబట్టి పరుగెత్తి, ఎదుటి జట్టు గీత అవతల నేలకు ఆనించే ఆట.

మీ అమ్మాయి మంచి ఉదాహరణనే ఎంచుకుంది. పట్నా జిల్లా బాఢ్ నుంచి వచ్చిన స్వీటీ కుమారి మొదట పరుగు పందాల్లో పాల్గొనేది; ఆ వేగమే ఆమెను రగ్బీలో నిలబెట్టింది. మహిళా రగ్బీ కోసమే నడిచే స్క్రమ్‌క్వీన్స్ వెబ్‌సైటు 2019లో ఆమెను ఆ ఏటి అంతర్జాతీయ యువ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. అదే ఏడాది జూన్‌లో మనీలాలో మన అమ్మాయిలు సింగపూర్‌ను 21-19తో ఓడించారు. జట్టుకు పదిహేను మంది ఆడే రగ్బీలో భారత మహిళలకు అదే తొలి అంతర్జాతీయ విజయం. ఆఖరి నిమిషాల్లో పెనాల్టీ కొట్టి ఆ గెలుపు తెచ్చిన సుమిత్రా నాయక్ మన పొరుగు ఒడిశా అమ్మాయి. భువనేశ్వర్‌లోని కిస్ విద్యాసంస్థలో చదువుకుంటూ ఆట నేర్చుకుంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కితే ఆ ఊరికి ఒక్క పూట ప్రయాణం.

ఇక కబడ్డీ విషయం. తల పక్కకు పెట్టి, భుజం ఆనించి, రెండు చేతులతో తొడలను చుట్టి ఎదుటివారిని నేలకు దించడం మీ అమ్మాయికి ఇప్పటికే కొంత అలవాటై ఉంటుంది. రగ్బీలో టాకిల్, అంటే బంతితో వస్తున్నవారిని పట్టి పడేయడం, దానికి దగ్గరి చుట్టమే. ఇబ్బంది ఆ తర్వాత వస్తుంది. కబడ్డీలో కూతకు వచ్చినవారిని పట్టుకుంటే గీత దాటకుండా చివరిదాకా బిగించి ఉంచాలి. రగ్బీలో మాత్రం బంతి ఉన్న ఆటగత్తె నేలకు ఒరిగిన వెంటనే పట్టు వదిలి పక్కకు దొర్లిపోవాలి, లేకపోతే పెనాల్టీ పడుతుంది. ఏళ్ల తరబడి బిగించడమే నేర్చిన చేతులకు ఇది తేలిగ్గా రాదు. ఇంటి దగ్గర గోనె సంచిలో ఊక కూరి, మూతి కుట్టి, ఇసుకలో నిలబెట్టి, పట్టి పడేసి, వెంటనే వదిలి లేవడం సాధన చేయించండి. బంతిని చేత్తో ముందుకు విసరకూడదన్న నియమం కూడా కొత్తవారిని తికమక పెడుతుంది. ముందుకు పరుగెడుతూనే, పక్కన కాస్త వెనకగా వస్తున్న తోటి అమ్మాయికి బంతి అందించాలి.

మీ అత్తగారి భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయవద్దు. మీ దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తే పోటీలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన సంగతి ఆమెకు గుర్తు చేయండి. ఆడపిల్లల బలం గురించి ఆ పైన చెప్పవలసింది ఉండదు. కానీ రగ్బీలో దెబ్బలు తగులుతాయి. భుజాల ఎత్తు దాటి పట్టడాన్ని నియమాలు నిషేధించినా తలకు దెబ్బ తగిలే అవకాశం ఉంది. అలాంటి అనుమానం వస్తే, తనకు బాగానే ఉందని అమ్మాయి ఎంత చెప్పినా, ఆ రోజు మళ్లీ మైదానంలోకి దిగనివ్వకూడదు. ఆడపిల్లల్లో మోకాలి లోపలి లిగమెంటు తెగే ముప్పు మగపిల్లలకన్నా ఎక్కువ. అందుకే తొడ కండరాలకు, దూకి సరిగ్గా దిగడానికి, మెడ బలానికి మొదటి నెలల్లోనే శిక్షణ ఇవ్వాలి. పళ్లకు రక్షణ తొడుగు తప్పనిసరి. మన ఎర్రమట్టి నేల ఎండకు రాయిలా మారుతుంది కనుక, గడ్డి మైదానం దొరికేదాకా టాకిల్ లేని టచ్ రగ్బీతోనే సరిపెట్టుకోవడం మేలు.

మీ అమ్మాయి వేగానికి తగినది సెవెన్స్. జట్టుకు ఏడుగురు, సగానికి ఏడు నిమిషాలు, మైదానం మాత్రం పెద్ద ఆటకు ఉన్నంతే. 2016 రియో నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నది ఈ రకమే.

ఆదాయం గురించి ఆశలు పెంచుకోవద్దు. మహిళా రగ్బీకి పేరుమోసిన ఇంగ్లండ్‌లో సైతం పదిహేను మంది ఆటలో పూర్తికాలపు ఒప్పందాలు 2019 జనవరిలోనే మొదలయ్యాయి, అప్పుడవి దక్కింది 28 మందికి. మన దేశంలో ఈ ఆటనే నమ్ముకుని ఇల్లు నడవదు. ఉద్యోగం వస్తే ఆటగాళ్ల కోటా ద్వారా రావచ్చు. ఏ స్థాయి పోటీల ధ్రువపత్రం చెల్లుతుందో జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ కార్యాలయంలో ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి. చదువు మాత్రం ఆపించవద్దు.

పదో తరగతి పరీక్షలయ్యాక, వేసవిలో శిక్షకుడి దగ్గరికి అమ్మాయితో పాటు మీరూ వెళ్లండి. తలకు దెబ్బ తగిలితే ఏం చేస్తారు, టాకిల్ ఎన్ని వారాల తర్వాత మొదలుపెడతారు, బయట ఊళ్ల పోటీలకు అమ్మాయిలతో మహిళా సంరక్షకులు వస్తారా అని అడగండి. జవాబులు తడబడితే ఆ సంవత్సరానికి కబడ్డీ కొనసాగించమనండి, ఆమె వేగం ఎక్కడికీ పోదు.