పాదరసం వాడిన పాత ఫ్యాక్టరీని కడిగించి పెయింట్ వేస్తే ఆఫీసుగా వాడుకోవచ్చా?

కడిగితే పోదండీ, ముందే చెప్పేస్తున్నా. ఇలాంటి షెడ్లు శుభ్రం చేసే పనిలో తొమ్మిదేళ్లు ఉన్నాను. బాగా గుర్తుండిపోయింది మాత్రం థర్మామీటర్లు తయారుచేసిన ఒక పాత హాలు.

మేం వెళ్లేసరికే నేల అద్దంలా మెరుస్తోంది. ఓనరు ముందే కడిగించి, పైన ఎపాక్సీ (నేలకు వేసే గట్టి పూత) వేయించేశాడు. పొద్దున్న ఏడింటికి గాలిలో పాదరసం ఆవిరిని కొలిచే మీటరు పెడితే రీడింగ్ దాదాపు సున్నా. "అనవసరంగా టెన్షన్ పెట్టారు, సంతకం చేసేయండి" అన్నాడు. మా సూపర్‌వైజర్ చెయ్యలేదు. తలుపులు, కిటికీలు మూయించి మధ్యాహ్నం దాకా ఆగమన్నాడు. రేకులు కాలి హాలు వేడెక్కే కొద్దీ దాక్కున్న పాదరసం ఆవిరై అంకె ఎక్కుతూ పోయింది. గోడ మొదట్లో ఎపాక్సీ పెచ్చు లేపి చూస్తే పగులు పొడవునా ఆవగింజలంత వెండి పూసలు! సింకు కింద వంపు గొట్టం విప్పితే చారెడు పాదరసం జారిపడింది. నీళ్లకంటే పదమూడున్నర రెట్లు బరువు కదా, పల్లం దొరికితే చాలు, అక్కడే మకాం. గ్లవ్ చిరిగిన కుర్రాడి బంగారు ఉంగరం తెల్లబడిపోయింది, పాపం.

ఇంకో గొడవ, వ్యాక్యూమ్ క్లీనర్. మామూలుది పెట్టారంటే పాదరసాన్ని ఆవిరిగా మార్చి హాలంతా మీరే ఊదినట్టు. గంధకం పొడి చల్లితే చాలనే పెద్దమనుషులూ ఉన్నారు. అది పూస పైన పొర కడుతుంది, లోపలిది అలాగే ఉంటుంది.

20 డిగ్రీల దగ్గరే మూసిన గదిలో ఘనపు మీటరు గాలి 13 మిల్లీగ్రాముల దాకా ఈ ఆవిరిని పట్టుకోగలదు. అమెరికాలో శుభ్రం చేసిన ఇంట్లోకి జనాన్ని మళ్లీ రానివ్వడానికి చూసే హద్దు ఘనపు మీటరుకు 1 మైక్రోగ్రాము, మిల్లీగ్రాములో వెయ్యో వంతు. అంటే పదమూడు వేల వంతుల్లో ఒక వంతు! వాసన రాదు, కంటికి కనబడదు. అక్కడే న్యూజెర్సీలోని హోబోకెన్‌లో పాదరసం దీపాల ఫ్యాక్టరీని ఫ్లాట్లు చేసి జనం కాపురాలు పెట్టాక నేలలో పాదరసం బయటపడింది. 1996లో ఖాళీ చేయించారు, తర్వాత భవనాన్నే కూల్చేశారు.

మా హాలులో చివరికి ఆ కాంక్రీటు పైపొర చెక్కించి, చెక్క కిటికీలు, డ్రైనేజీ గొట్టాలు మొత్తం పీకించాం. ఓనరు నెల రోజులు మాతో మాట్లాడలేదు.

మీ చేతికి రిపోర్టు ఇస్తే అందులో రీడింగ్ టైము చూడండి. పొద్దున ఏడింటిదైతే వెనక్కి ఇచ్చేసి, తలుపులు మూసి మధ్యాహ్నం మళ్లీ తీయమనండి.